వేళ్లు పోయిన గాయం మానింది, పనికి మాత్రం వెళ్లలేకపోతున్నారు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 34 ఏళ్లు. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ (రేకులను నొక్కి కోసే మెషిన్) ఆపరేటర్. 4 నెలల క్రితం మెషిన్‌లో పడి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు సగానికి పోయాయి. గాయం మానింది, పనికి వెళ్లొచ్చని ఆపరేషన్ చేసిన డాక్టర్ చెప్పారు. కానీ ఆయన గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేస్తున్నారు. రాత్రుళ్లు చెమటలు పట్టి ఉలిక్కిపడి లేస్తున్నారు. పక్క షాపు షట్టర్ దించినా వణికిపోతున్నారు. చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. లేని వేలు నొప్పి పెడుతోందంటారు. ఈమధ్య రోజూ తాగుతున్నారు. పని ఎగ్గొట్టడానికి నాటకమని మా బావగారు అంటున్నారు. ఒకటో తారీఖుకి రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని సూపర్‌వైజర్ ఫోన్ చేశారు. బలవంతంగానైనా పంపాలా?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఇది నాటకం కాదు. ఈ మాట మీ బావగారికి కూడా చదివి వినిపించండి. నాటకమాడే మనిషి నిద్రలో చెమటలు పట్టి లేవడు. గేటు దాకా వెళ్తున్నారంటే మీ వారికి పని చేయాలనే ఉంది.

పెద్ద ప్రమాదం తర్వాత పీడకలలు, ఉలికిపాటు చాలామందికి వస్తాయి. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ, అంటే ప్రమాదం తాలూకు భయం మనసును వదలని జబ్బు, ఉందేమో చూడాలి. మీరు రాసినవన్నీ దానికి దగ్గరగానే ఉన్నాయి. డిప్రెషన్ కూడా తోడై ఉండొచ్చు. ఉత్తరం చూసి నేను ఖాయం చేయలేను, సైకియాట్రిస్ట్ ఆయనతో కూర్చుని మాట్లాడాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లొచ్చు. పేరు వినగానే భయపడకండి, అక్కడ ఓపీలో ఇలాంటి సమస్యలకూ చూస్తారు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు ఉంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలోనూ అడగండి.

కౌన్సెలింగ్ అంటే నాలుగు ధైర్యం మాటలు చెప్పి పంపడం కాదు. జరిగినదాన్ని కొద్దికొద్దిగా చెప్పిస్తారు, ఆయన తప్పించుకు తిరుగుతున్న వాటి దగ్గరికి మెల్లగా తీసుకెళ్తారు. సాధారణంగా వారానికొకసారి చొప్పున 8 నుంచి 12 సార్లు కూర్చోవాలి. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తారు. అది పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, కాబట్టి పది రోజులకే ఆపేయకండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనొద్దు. మద్యం తాగే మనిషికి అవి ప్రమాదం. తాగుడు కూడా ఒక్కసారిగా మాన్పించకండి, రోజూ ఎంత తాగుతున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు.

లేని వేలు నొప్పి పెట్టడం భ్రమ కాదు, పిచ్చి అంతకన్నా కాదు. మెదడులో ఆ వేలి చోటు ఇంకా అలాగే ఉంది. అద్దం ముందు మంచి చెయ్యి ఆడిస్తూ చేయించే వ్యాయామం కొందరికి బాగా పనిచేస్తుంది. తెగిన చోట ముట్టుకుంటే జివ్వుమంటుంటే ముందు దూదితో, తర్వాత టవల్‌తో రుద్దడం, బియ్యం గిన్నెలో చెయ్యి పెట్టి కదపడం ఫిజియోథెరపీ విభాగంలో నేర్పిస్తారు. ఆ చేతిని ఆయనే రోజూ చూసుకుని ముట్టుకుంటూ ఉంటే జేబులోంచి బయటికి తీయడం తేలికవుతుంది.

ఇక పని విషయం. బలవంతంగా పంపకండి, అలాగని పూర్తిగా బాగయ్యాక చూద్దామని ఇంట్లోనూ కూర్చోబెట్టకండి. ఇంట్లో ఉన్నకొద్దీ భయం ముదురుతుంది. పనికి వెళ్లడమే చికిత్సలో ఒక భాగం, అయితే అది మెట్లు మెట్లుగా జరగాలి. మొదట సెలవు రోజు మెషిన్లు ఆగి ఉన్నప్పుడు నమ్మకమైన తోటి కార్మికుడితో లోపలికి వెళ్లి రావాలి. తర్వాత ప్యాకింగ్‌లోనో స్టోర్‌లోనో సగం పూట పని. ప్రెస్ చప్పుడు అలవాటయ్యాకే దాని దగ్గరికి. ఈ మాట సైకియాట్రిస్ట్ చేత కాగితం మీద రాయించి యాజమాన్యానికి ఇవ్వండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆ ప్రెస్‌కు చెయ్యి లోపలికి పోకుండా ఆపే గార్డ్ బిగించారా? రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగేలా మార్చారా? ఏమీ మార్చకపోతే ఆ మెషిన్ అంటే భయపడటం జబ్బు కాదు, తెలివి. అలాంటి మెషిన్ దగ్గరికి ధైర్యం చెప్పి పంపడం నేను ఒప్పుకోను. ముందు మెషిన్ బాగుచేయాలి, ఆ తర్వాతే మనిషి భయం సంగతి.

మీరు ఆయన్ని 'ఇంకా ఎన్నాళ్లు' అని అడగొద్దు. ఇంట్లో ఆయన చేసే పనులు మీరు లాక్కోవద్దు. కూరగాయలు తేవడం, పిల్లలుంటే బడికి దింపడం ఆయనకే వదిలేయండి. ఆలస్యమైనా సరే, ఎడమ చేత్తోనైనా సరే.

'నేను చచ్చిపోతే మీకు డబ్బులొస్తాయి' లాంటి మాట అంటే తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పనిలో చేరితే డబ్బు ఆగిపోతుందనే టెన్షన్ చాలా ఇళ్లలో ఉంటుంది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు పని చేయలేని కాలానికి జీతంలో సుమారు 90 శాతం వస్తుంది, పనికి వెళ్లాక అది ఆగే మాట నిజమే. కానీ పోయిన వేళ్లకు మెడికల్ బోర్డు శాశ్వత వైకల్యం ఇంత శాతమని నిర్ణయించాక వచ్చే పరిహారం వేరు. జీతం తీసుకుంటున్నా అది ఆగదు. ఈ సంగతి మీ వారికి చెప్పండి.