పాత బండికి 36 వేలా, కొత్త కారు కిస్తీలా?

ప్రశ్న: మాది సింగరాయకొండ. 2012 ఆగస్టులో రిజిస్టరైన పెట్రోలు వ్యాగన్ఆర్ ఉంది. 1.10 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు నెలకు 500 మించి తిరగదు. మెకానిక్ రేడియేటర్‌కు 5,500, ముందు సస్పెన్షన్‌కు 12,000, క్లచ్‌కు 8,500, ఏసీకి 10,000 అవుతుందన్నారు. ఇంట్లోవాళ్లు 5 లక్షలు అప్పు తీసుకుని కొత్తది కొందామంటున్నారు. చిన్న పనులు తానే చేస్తానని మా అబ్బాయి అంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: 5 లక్షల అప్పుకు 9.5 శాతం వడ్డీతో ఐదేళ్లపాటు నెలకు దాదాపు 10,500 కట్టాలి. అందులో వడ్డీయే 1.30 లక్షలు. మెకానిక్ చెప్పిన 36,000 అంతా కలిపినా మూడున్నర నెలల కిస్తీ. మీ వాడకానికి అప్పు వద్దు.

కానీ రూపాయి ఖర్చు పెట్టే ముందు బండి అడుగు చూడండి. ఇంజిన్‌ను డబ్బుతో బాగుచేయొచ్చు, తుప్పు తిన్న బాడీని చేయలేం. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. కార్పెట్ ఎత్తి ఫ్లోరును, తలుపుల కింది అంచులను, జాకీ పెట్టే చోట్లను, బానెట్ లోపల షాకబ్జార్బర్ బిగించే చోటును స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పైపైన తుప్పు పొర మాత్రమే రాలితే గీకి ప్రైమర్ కొట్టొచ్చు. జాకీ చోట, షాకబ్జార్బర్ చోట మొన లోపలికి దిగిపోతే మాత్రం రిపేర్లు మానేసి ఉన్నదున్నట్టు అమ్మేయండి. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. వాటిని సన్న తీగతో శుభ్రం చేస్తుంటే తుప్పు సగం ఆగుతుంది.

అడుగు గట్టిగా ఉంటే మొదటి ఖర్చు రేడియేటర్‌కే. రోహిణి కార్తెలో ఇంజిన్ ఒక్కసారి వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోతే ఈ లెక్కలన్నీ తలకిందులే. బోరు నీళ్లు అస్సలు పోయొద్దు. ఆ ఉప్పు సన్న గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. చిక్కటి కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు.

సస్పెన్షన్ మొత్తం ఒకేసారి మార్చక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర టకటకమనే చప్పుడు చాలాసార్లు లింక్ రాడ్లదో, లోయర్ ఆర్మ్ బుష్‌లదో అయి ఉంటుంది. బండి ముందు వైపు మూలను గట్టిగా నొక్కి వదలండి. రెండు మూడుసార్లు ఊగినా, షాకబ్జార్బర్ మీద నూనె కారినా అప్పుడు మార్చండి. ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. అలా లేకపోతే 8,500 మీ దగ్గరే ఉంచుకోండి. ఏసీ ఆఖరున.

మీ అబ్బాయికి ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, మూడు స్పార్క్ ప్లగ్‌లు, బ్యాటరీ టెర్మినళ్లు అప్పగించండి. తక్కువ తిరిగే బండి కాబట్టి కిలోమీటర్లు చూడక ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి. ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల దాకా పడుతుంది. డిప్‌స్టిక్ పై గీత దాటనివ్వొద్దు. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. ప్లగ్‌లను ఇంజిన్ చల్లారాకే తీయాలి, బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పాలి. హెడ్ అల్యూమినియం, మర చెడితే పెద్ద ఖర్చు. ఉత్త జాకీ మీద ఎత్తిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. బ్రేకుల పని మెకానిక్‌కే వదిలేయండి.

ఇంట్లో చేసుకుంటే మిగిలేది కూలి డబ్బులే. దాన్ని నమ్ముకుని బండి ఖర్చులకు నిధి కూడబెట్టడం మానేయొద్దు. నెలకు 3,000 చొప్పున బండి పేరుతో ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి, ఏడాదికి 36,000 జమవుతుంది. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ఏది వచ్చినా అందులోంచే. ఇంటి అత్యవసర నిధి జోలికి వెళ్లొద్దు.

2027 ఆగస్టుకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ముగుస్తుంది. ఫిట్‌నెస్ తనిఖీలో నెగ్గితే ఇంకో ఐదేళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. టైర్లు మార్చాల్సి ఉంటే ఆ తనిఖీకి ముందే మార్చండి.