ఫారంలో 1.1 అని రాస్తే కాంట్రాక్ట్‌కి వేరే అంకె ఎందుకు వెళ్తోంది?

ఈథీరియం బ్లాక్‌చెయిన్‌లో నడిచే స్మార్ట్ కాంట్రాక్ట్‌కి టోకెన్లు పంపే వెబ్ ఫారం గురించి ఒకరు అడిగారు: అందులో 1.1 టోకెన్లు అని రాసి బటన్ నొక్కితే, కాంట్రాక్ట్‌లోని డిపాజిట్ ఫంక్షన్‌కి 1100000000000000128 వెళ్తోందట. ఇన్‌పుట్ విలువను 10 పవర్ 18తో గుణించడమే దానికి కారణం. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్ 9007199254740991 దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా పట్టుకోలేదు. 1.1నీ అది కచ్చితంగా పట్టుకోలేదు. ఆ చివరి 128 ఈ రెండిటివల్ల వచ్చిందే.

గుణకారం పూర్తిగా తీసేయండి. ఫారం ఇచ్చేది ఎలాగూ స్ట్రింగే, దాన్ని నంబర్‌గా మార్చకుండా ఈథర్స్ 6 (ఈథీరియంతో మాట్లాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) లోని పార్స్‌యూనిట్స్ ఫంక్షన్‌కి ఇవ్వండి. రెండో ఆర్గ్యుమెంట్ డెసిమల్స్, అంటే ఆ టోకెన్‌కి చుక్క తర్వాత ఎన్ని అంకెలుంటాయో ఆ సంఖ్య. తిరిగొచ్చే బిగ్‌ఇంట్‌ని (ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా కచ్చితంగా పట్టుకునే రకం) అలాగే ఫంక్షన్‌కి పంపండి. డెసిమల్స్ దగ్గర 18 అని చేత్తో రాయొద్దు, టోకెన్ కాంట్రాక్ట్‌నే అడగండి. ఈథీరియంలో డాలర్ విలువకు కట్టిన యూఎస్‌డీసీ, యూఎస్‌డీటీ టోకెన్లకు 6 మాత్రమే. అక్కడ 18 వేస్తే మొత్తం లక్ష కోట్ల రెట్లు అవుతుంది!

ఇన్‌పుట్ టైప్ నంబర్ బదులు టెక్స్ట్ పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ చేయండి. నంబర్ టైప్ 1e5 అని కొట్టినా ఒప్పుకుంటుంది, పార్స్‌యూనిట్స్ మాత్రం ఎర్రర్ ఇస్తుంది. మనవాళ్లు 1,00,000 అని కామాలతో రాస్తారు, అదీ ఎర్రరే. ముందే కామాలు తీసేసి, ఖాళీగా ఉందేమో, చుక్క తర్వాత అంకెలు డెసిమల్స్‌ని మించాయేమో చూసుకోండి.

సబ్మిట్ హ్యాండ్లర్‌లో మొదటి లైను ప్రివెంట్‌డిఫాల్ట్. లేకపోతే మెటామాస్క్ (బ్రౌజర్‌లోని వాలెట్) తెరుచుకునేలోపే పేజీ రీలోడ్ అవుతుంది. ఈథర్స్ 6లో యూజర్ తరఫున సంతకం చేసే ఖాతాను తెచ్చే గెట్‌సైనర్‌కి అవెయిట్ తప్పనిసరి. 5వ వెర్షన్‌లో అక్కర్లేదు కాబట్టి పాత కోడ్ కాపీ చేసినవాళ్లంతా ఇక్కడే ఇరుక్కుంటారు.

డిపాజిట్ లోపల ట్రాన్స్‌ఫర్‌ఫ్రమ్ (యూజర్ టోకెన్లను కాంట్రాక్టే తీసుకునే ఫంక్షన్) ఉంటే ముందు దానికి అనుమతి ఇచ్చే అప్రూవ్ పంపి, ట్రాన్సాక్షన్ ఖాయమయ్యేదాకా ఆగే వెయిట్ పూర్తయ్యాకే డిపాజిట్ పిలవాలి. హ్యాష్ (ట్రాన్సాక్షన్ గుర్తింపు కోడ్) వచ్చిందంటే ట్రాన్సాక్షన్ బ్లాక్‌లో చేరినట్టు కాదు. యూఎస్‌డీటీలో పాత అలవెన్స్ (ముందు అప్రూవ్‌తో అనుమతించిన మొత్తం) మిగిలి ఉంటే దాన్ని ముందు సున్నా చేయకపోతే కొత్త అప్రూవ్ రివర్ట్ అవుతుంది, అంటే విఫలమై రద్దవుతుంది.

అసలు కాల్‌కి ముందు అదే ఆర్గ్యుమెంట్లతో స్టాటిక్‌కాల్ (ట్రాన్సాక్షన్ పంపకుండా చేసే ఉత్తుత్తి కాల్) చేసి చూడండి. రివర్ట్ అయ్యేదైతే గ్యాస్ (ట్రాన్సాక్షన్ రుసుము) ఖర్చు కాకుండానే కారణం తెలుస్తుంది. వెయిట్ ముగిసేదాకా బటన్‌ని డిసేబుల్ చేసి ఉంచండి, రెండుసార్లు నొక్కితే రెండు డిపాజిట్లు వెళ్తాయి. యూజర్ వాలెట్‌లో రిజెక్ట్ కొడితే యాక్షన్ రిజెక్టెడ్ అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, అప్పుడు బటన్‌ని తిరిగి ఎనేబుల్ చేయడం మర్చిపోకండి.