పాప అంటే బంగాళాదుంప కూడా

“ఒకే మాట నాలుగు భాషల్లో కనిపిస్తే అవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినట్టేనా?” అని మీ ప్రశ్న. అక్కర్లేదు. చాలాసార్లు కాదు కూడా. నాకు ఈ పిచ్చి పట్టించిన మాట ‘పాప’, అందుకే దాంతోనే చెప్తాను. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో కళ్లజోళ్ల షాపు నాది.

మా చెల్లెలు వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. పిల్లని పగలంతా చూసుకునేది ఒక మెక్సికో ఆవిడ. ఒకసారి వీడియో కాల్లో మా అమ్మ “ఏం తిన్నావే పాపా?” అంటే అది ఠక్కున “పాపాస్!” అంది. అమ్మ నా వైపు తిరిగి, “పాపాలు తినడమేంట్రా?” అంది. తీరా చూస్తే అది తిన్నది బంగాళాదుంప వేపుడు.

లాటిన్ అమెరికా స్పానిష్‌లో పాప అంటే బంగాళాదుంపే. అది స్పెయిన్ నుంచి వెళ్లిన మాట కాదు, ఆండీస్ కొండల్లో ఇంకాల కాలం నుంచీ ఉన్న కెచువా భాషది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు పెరూని ఆక్రమించినప్పుడు దుంపతో పాటు దాని పేరూ పట్టుకెళ్లారు. స్పెయిన్‌లో మాత్రం కరీబియన్ దీవుల చిలగడదుంప పేరు ‘బటాటా’తో కలగలిసి అది ‘పటాటా’ అయింది. ఇంగ్లీషు పొటాటో కూడా ఆ బటాటానే. బొంబాయి బటాటా వడలో ఉన్నదీ అదే, పోర్చుగీసువాళ్లు మోసుకొచ్చారు. అంటే ఇవాళ మనం పొటాటో అంటున్నది అసలు చిలగడదుంప పేరన్నమాట! పెరూ రాజధాని లిమాలో 1971లో పెట్టిన అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం ఉంది. దాని స్పానిష్ పేరు ‘సెంత్రో ఇంతర్నసియొనాల్ దె లా పాపా’. మనవాళ్లెవరైనా ఆ బోర్డు చదివితే అంగన్‌వాడీ అనుకుంటారు.

అక్కడితో అయిపోలేదు. స్పానిష్‌లో ‘లా పాపా’ దుంప అయితే ‘ఎల్ పాపా’ పోప్. రెండో ‘పా’ని ఒత్తి పలికితే నాన్న. పోప్ కథ గ్రీకు పిల్లలు తండ్రిని పిలిచే ‘పప్పాస్’తో మొదలైంది. తొలి రోజుల్లో బిషప్పులు చాలామందిని అలాగే పిలిచేవారు, పోనుపోనూ పశ్చిమ దేశాల్లో అది రోము బిషప్పు ఒక్కరికే మిగిలింది. ఆ పోప్ గుణదల తిరునాళ్ల జనం నోట్లో పోపు అయితే, మన పప్పులో వేసే పోపుతో దానికేమైనా చుట్టరికం ఉందా? లేదు.

ఇక మన సంగతి. “పాపం, పాప ఏడుస్తోంది” అంటాం కదా, ఆ మూడు మాటల్లో మొదటిది ఋగ్వేదం నాటి నుంచీ ఉన్న సంస్కృతం, రెండోది మన ఇంటిది. తమిళులూ పాప్పా అంటారు. న్యూజిలాండ్ మావోరీల భాషలో పాప అంటే నేల, వాళ్ల భూదేవి పేరు పాపతూఆనుకు.

మరి నిజమైన చుట్టాల్ని ఎలా గుర్తుపట్టాలి? పోలిక చూసి కాదు. మన చెరువు కన్నడంలో కెరె, చెవి కివి, చెడు కెడు. విడిగా చూస్తే పెద్దగా కలవవు, వరసగా పెడితే మన ‘చ’ ఉన్నచోటల్లా వాళ్లకి ‘క’ ఉంటుంది. ఇ, ఎ ల ముందున్న పాత ‘క’ తెలుగులో ‘చ’ అయింది కాబట్టి. ఇలా వరస కుదిరితేనే బంధుత్వం. వాట్సాప్‌లో తిరిగే “మన నీరే గ్రీకుల నెరో” అన్నది ఇక్కడే తేలిపోతుంది. ప్రాచీన గ్రీకులో నీటికి మాట ‘హుదోర్’. తాజా నీరు అనడానికి ‘నెఆరొన్ హుదోర్’ అనేవారు. అందులో ‘తాజా’ ముక్కే మిగిలి నెరో అయింది.

అయితే తండ్రిని పిలిచే పాపా, మన పాప పూర్తిగా కాకతాళీయం అని కొట్టిపారెయ్యలేం. పెదాలు కలిపి విడిచి ‘ఆ’ అనడం పసివాళ్లకి తేలిక. ఆ చప్పుడుకి అర్థం అంటగట్టేది పెద్దవాళ్లు. 1960లో రోమన్ యాకొబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త దీని మీద మంచి వ్యాసం రాశాడు. అందుకే జార్జియా దేశంలో ‘మామా’ అంటే నాన్న, మనకేమో మేనమామ. జపాన్‌లో 16వ శతాబ్దపు పొడుపుకథ ఒకటుంది: “అమ్మకి రెండుసార్లు కలుస్తాయి, నాన్నకి ఒక్కసారీ కలవవు, ఏమిటవి?” జవాబు: పెదాలు. ఇప్పటి జపనీస్‌లో అమ్మని ‘హహ’ అంటారు, అలా పలికితే పెదాలు కలవవు. ఒకప్పుడు వాళ్ల అమ్మ పేరు ‘పాపా’లాగే పలికేదట, పొడుపుకథ నాటికి అది ‘ఫఫ’. అద్దం ముందు నిలబడి మన అమ్మ, నాన్న అని చూసుకోండి, పొడుపు మనకీ ఇంచుమించు సరిపోతుంది.

మాట వేరైనా ఊహ ఒకటే కావడం నేను షాపులో రోజూ చూసేది. జోడు చెయ్యాలంటే రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలి, మేం పి.డి. అంటాం. కస్టమర్ ముక్కు మీద స్కేలు ఆనించి “నా కంట్లోకే చూడండి” అంటాను. ఆ నల్లటి గుండ్రంలో నువ్వుగింజంత మనిషి బొమ్మ కనిపిస్తుంది, తల వెనక ట్యూబ్‌లైటు గీతతో సహా. ఆ మనిషిని నేనే. ఈ బొమ్మని చూసే మనం కంటిపాప అన్నాం. గ్రీకులు ‘కొరే’ అన్నారు, అంటే ఆడపిల్ల. సంస్కృతంలో ‘కనీనిక’కి రెండర్థాలూ ఉన్నాయి. లాటిన్ వాళ్లు ‘పుపిల్లా’ అన్నారు, చిన్నపిల్ల, బొమ్మ అని. ఇంగ్లీషు ప్యూపిల్ అక్కడిదే. బడిలో చదివే ప్యూపిల్ వేరే మాటేమో అనిపిస్తుంది గానీ, అదీ ఆ లాటిన్ పిల్లే.