మాత్ర మింగితే విశ్వాసం పోయినట్టా?

ప్రశ్న: మేడం, మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నాకు 39 ఏళ్లు. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. పక్షవాతంతో మంచాన పడిన మా అమ్మను 3 ఏళ్లు నేనే చూసుకున్నాను. పోయిన డిసెంబరులో, కుట్టిన బ్లౌజులు ఇచ్చి రావడానికి వెళ్లిన అరగంటలో అమ్మ పోయింది. అప్పటి నుంచి నిద్ర లేదు, తిండి సయించదు. అర్ధరాత్రి గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతానేమో అనిపిస్తుంది. ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నారు. సైకియాట్రిస్ట్ డిప్రెషన్ మందు రాశారు. 2 నెలలు వాడాక కాస్త నిద్ర పట్టింది. ఇంతలో మా సంఘం ఉపవాస కూడికలో ఒక సిస్టర్, మాత్రలు పారేశాకే స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పారు. పాస్టర్ గారు కూడా "దేవుణ్ణి నమ్మినవాళ్లకు ఇవెందుకు" అన్నారు. ఇంటికొచ్చి మాత్రలన్నీ చెత్తబుట్టలో వేశాను. 3 రోజులకు తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం మొదలయ్యాయి. అది జరిగి 2 వారాలైంది, దడ మళ్లీ వచ్చింది. మా ఆయన "ఇక చర్చికి వెళ్లొద్దు" అంటున్నారు. దేవుడు నన్ను వదిలేశాడా? నిద్రలోనే పోతే బాగుండునని కూడా అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాట గురించి. ఆ మాట ఈ రోజే మీ ఆయనకు చెప్పండి. దాచుకోవాల్సినంత సిగ్గుపడే విషయం కాదది, ఒంటరిగా మోయాల్సిన బరువూ కాదు. ఏ రాత్రయినా అది ఇంకాస్త ముదిరి, ఏదైనా చేసుకోవాలనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఆయన్ని లేపండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. మనసు విప్పుకోవడానికి మనిషి కావాలనిపిస్తే టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వం నడిపేది, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు అక్కర్లేదు.

మీరు బైబిలు చదివే మనిషి కాబట్టి ఏలీయా సంగతి గుర్తుచేస్తాను. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన ప్రవక్త, తర్వాత యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. మీరు నాకు రాసింది దాదాపు అదే. అప్పుడు దేవుడు ఆయన్ని "నీ విశ్వాసం ఏమైంది" అని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి వేడి రొట్టె, నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే, రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. మాటలన్నీ తర్వాతే, హోరేబు కొండ దగ్గర. ముందు ఒళ్లు, తర్వాత మాట. కౌన్సెలింగ్‌లో నేను నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఆ ఒక్క అధ్యాయంలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఇక మాత్రల సంగతి. మీ తలలో ఆ జివ్వుమనడం దేవుడు వేసిన శిక్ష కాదు. మీకు డాక్టరు రాసిన మాత్ర డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చే మందుల్లో ఒకటి. అది మత్తు మందులా అలవాటు పడేది కాదు గానీ, నెలల తరబడి వాడాక మెదడు దానికి సర్దుకుని ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు షాక్ లాంటి జిల్లు, చిరాకు, పిచ్చి కలలు వస్తాయి. డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే ఇది. అందుకే ఆపాల్సి వచ్చినప్పుడు మెల్లగా తగ్గిస్తారు. మీ అంతట మీరు పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకండి. ఈ వారంలోనే వెళ్లి, ఏ రోజు ఆపారో, ఏమేం జరిగిందో దాచకుండా డాక్టరుకు చెప్పండి. తిడతారేమోనని భయపడొద్దు, ఇలా ఆపేసి వచ్చేవాళ్లను వాళ్లు రోజూ చూస్తారు. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువున్నా ఇలాంటి దడ, నీరసం రావచ్చు, ఆ పరీక్షలు కూడా అడగండి. ఈ మందులు పూర్తిగా పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా సాధారణంగా కనీసం 6 నెలలు కొనసాగించమంటారు. ఖర్చు ఇబ్బందైతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గరే. అది ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి. ఆ గేటు దగ్గర తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారో అన్న భయం మన ఊళ్లో ఎంతమందిని వెనక్కి తిప్పిందో నాకు తెలుసు. మీరు మాత్రం తిరిగి రాకండి.

పాస్టర్ గారి మాట గురించి సూటిగానే చెబుతాను. ఆయన ప్రేమతోనే అని ఉండొచ్చు, కానీ ఆ మాట తప్పు. హిజ్కియా రాజు చావుబతుకుల్లో కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, 15 ఏళ్లు ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన ఫలించాక కూడా కట్టు కట్టారన్నమాట. అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన వెంట తిరిగిన లూకాను ప్రియమైన వైద్యుడన్నాడు. మన గడ్డ మీదే చూడండి, 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ సువార్త కోసమే వచ్చి ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టింది. మందు విశ్వాసానికి శత్రువైతే మిషన్ ఆసుపత్రులు ఎందుకు పుట్టినట్టు? సాక్ష్యం చెప్పిన సిస్టర్‌ను నేను తప్పుపట్టను, ఆమె అనుభవం ఆమెది. దాన్ని మీకు మందుల చీటీలా వాడటమే కూడదు. బైబిలు సంచి అడుగున మాత్రలు దాచుకుని కూడికలకు వెళ్లే అక్కచెల్లెళ్లు నా దగ్గరికి ఎందరో వస్తారు. జబ్బు కంటే ఆ దాపరికమే వాళ్లను ఎక్కువ తినేస్తుంది.

మీ ఒంటికి మీరు చేసుకోవాల్సినవి కొన్ని. దడ మొదలైనప్పుడు "ఇది 10 నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి దిగిపోతుంది" అని మీకు మీరు చెప్పుకోండి, చాలావరకు అలాగే జరుగుతుంది. మంచం అంచున కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి తీసుకుని, 6 అంకెలంత సేపు వదలండి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది, శరీరం కట్టుబడే అలాంటిది. లెక్క బదులు, తీసుకునేటప్పుడు "యేసయ్యా" అనీ, వదిలేటప్పుడు "నన్ను కనికరించు" అనీ మనసులో అనుకోవచ్చు. తూర్పు దేశాల క్రైస్తవ సన్యాసులు శతాబ్దాలుగా ఇలా ఊపిరితో ప్రార్థిస్తున్నారు. హీబ్రూలో ఊపిరికీ గాలికీ ఆత్మకూ ఒకటే మాట. దడ లేనప్పుడు కూడా రోజుకు రెండుసార్లు చేయండి, అప్పుడే అవసరానికి అక్కరకొస్తుంది.

పొద్దున్నే లాసన్స్ బే బీచ్ వైపు ఒక అరగంట నడవండి. ఎండ మొహాన పడితే రాత్రి నిద్రకు మంచిది. అన్నం సయించకపోతే చోడంబలి, చారన్నం, ఏదైనా సరే రోజుకు 3 పూటలు. ప్రస్తుతానికి ఉపవాసాలు వద్దు. తిండీ నిద్రా లేక ఒళ్లు ఇప్పటికే ఎండిపోయి ఉంది, ఇంకా ఏం అర్పిస్తారు? కావాలంటే ఉపవాసానికి బదులు రాత్రి 9 దాటాక ఫోన్ మానేయండి. పాస్టర్ గారు ప్రార్థించి ఇచ్చిన నూనె ఉంటే పడుకునే ముందు మీ ఆయన చేత పాదాలకు రాయించుకోండి. నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలోనే ఉంది, ఆ చేతి స్పర్శ కూడా మందే.

అయితే మాత్రకూ కూడికకూ అందనిది ఒకటి మీ ఉత్తరంలో ఉంది. ఆ అరగంట. 3 ఏళ్లు అమ్మ మలమూత్రాలెత్తి, పుండ్లు పడకుండా గంటగంటకూ పక్కకు తిప్పిన మీ చేతుల్ని మరిచిపోయి, లేని ఆ అరగంటనే తూకం వేస్తున్నారు. మనవాళ్లు పక్కనుంచి లేచి వెళ్లిన కాసేపటికే పోయేవాళ్లు చాలామంది ఉంటారు, మంచాన ఉన్నవాళ్లను చూసుకునే నర్సులు ఎవరైనా చెబుతారు. మీరు ఉండి ఉన్నా ఆమె పోవడం ఆగేది కాదు. ఇది చదివినంత మాత్రాన మనసు ఒప్పుకోదని తెలుసు. అందుకే అమ్మకు ఒక ఉత్తరం రాయండి. ఆ రోజు ఏ బట్టలు కుట్టారు, వెళ్తూ ఏమని చెప్పి వెళ్లారు, తిరిగొచ్చి తలుపు తీయగానే ఏం చూశారు, అన్నీ. ఏడుపొస్తే ఏడవండి. దేవుడి మీద కోపమొస్తే అదీ రాయండి. 88వ కీర్తన చదివే ఉంటారు, అది చీకట్లోనే ముగుస్తుంది, చివర్న ఒక్క ఓదార్పు మాట కూడా లేదు. అలాంటి మొర కూడా ప్రార్థనే అని దాన్ని బైబిల్లో ఉంచారు. కాబట్టి దేవుడు వదిలేశాడనిపించే రాత్రి ఆయనకే ఆ మాట చెప్పొచ్చు.

మీ ఆయనకు ఈ జవాబు చూపించండి. అయ్యా, మీ కోపం వెనక ఉన్నది భయమని నాకు అర్థమైంది. కానీ తల్లిని పోగొట్టుకున్న మనిషికి చర్చి కూడా లేకుండా చేస్తే ఆమె ఎక్కడికి పోతుంది? ఆదివారం ఆరాధనకు వెళ్లనివ్వండి, వీలైతే మీరూ వెళ్లి పక్కన కూర్చోండి. మాత్ర వేసుకుందో లేదో పోలీసులా అడగకుండా, రాత్రి భోజనమయ్యాక మంచినీళ్లతో పాటు మీరే అందించండి.

పాస్టర్ గారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, "అయ్యగారూ, డాక్టరు చెప్పేదాకా నేను మందులు ఆపను. ఈ మందులు నాకు పనిచేయాలని ప్రార్థన చేయండి" అని అడగండి. చాలామంది కాపర్లు ఆ మాటకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, మందునూ ప్రార్థననూ రెండింటినీ గౌరవించే సంఘం మన విశాఖలో దొరకడం కష్టమేమీ కాదు.

పాత మందుల చీటీ, ఈసీజీ కాగితం, మాత్రలు ఆపిన తేదీ రాసిన చీటీ ఈ రాత్రే ఒక సంచిలో పెట్టుకోండి. డాక్టరు ఏమన్నారో, అయ్యగారు ఏమన్నారో నాకు రాయండి.