రీమ్యాప్ చేయించే ముందు మసి లెక్క చూసుకో

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. బండికి రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్పించడం, చేయించాలని ఉందన్నావు. వద్దనను. కానీ నీది బీఎస్ 6 డీజిల్ బండి, సైలెన్సర్ దారిలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉంది. పిక్అప్ ఎంత పెరుగుతుందో ఎవరైనా చెప్తారు. మసి లెక్క ఏమవుతుందో అడుగు.

ఫిల్టర్‌లో ఎంత మసి చేరిందో ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) నేరుగా కనపడదు. పోసిన డీజిల్, వచ్చిన గాలి, ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) తెరుచుకున్న తీరు చూసి అంచనా కడుతుంది. ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడాతో సరిచూసుకుంటుంది. నిండిందనిపిస్తే పోస్ట్ ఇంజెక్షన్ మొదలుపెడుతుంది. పవర్ స్ట్రోక్ చివర్లో చిమ్మిన ఆ డీజిల్ ఫిల్టర్‌కి ముందున్న క్యాటలిస్ట్‌లో కాలి, పొగ వేడిని 600 డిగ్రీల దగ్గరికి తెస్తుంది. అప్పుడు మసి కాలుతుంది, దీన్నే రీజెన్ అంటారు.

అందుకే రైల్ (ఇంజెక్టర్లకి డీజిల్ అందించే గొట్టం) ప్రెషర్ సెన్సర్‌కి తగిలించే ట్యూనింగ్ బాక్స్ జోలికి పోకు. ఉన్న ప్రెషర్‌ని అది తగ్గించి చూపిస్తుంది. ఈసీయూ నమ్మి ప్రెషర్ పెంచుతుంది, ఇంజెక్టర్ తెరిచే సమయం మాత్రం పాత లెక్కే. దాంతో ప్రతి చిమ్ములోనూ డీజిల్ ఎక్కువ పడుతుంది, పోస్ట్ ఇంజెక్షన్‌లో కూడా. ఈ ఎక్కువ డీజిల్ ఈసీయూ ఖాతాలో ఎక్కదు. ఫిల్టర్ అంచనా కన్నా ముందే నిండుతుంది. రీజెన్ అప్పుడు సిలిండర్ గోడల మీద పడ్డ డీజిల్ రింగులు దాటి ఆయిల్‌లోకి దిగుతుంది. వారానికోసారి పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పైకొచ్చి, వేళ్ల మధ్య పల్చగా జారుతూ డీజిల్ వాసన కొడితే ఆ రోజే మార్చెయ్. సర్వీసుకి ఇంకా 4000 కిలోమీటర్లు ఉందని ఆగకు. పోసేది తక్కువ బూడిద ఆయిలే కావాలి, మీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే. మసి కాలుతుంది కానీ ఆయిల్ బూడిద ఫిల్టర్‌లోంచి పోదు.

ఫైల్ మార్చి చేసే రీమ్యాప్ నయమే, గాలిని బట్టి డీజిల్‌కి హద్దు పెట్టే స్మోక్ లిమిటర్ ముట్టుకోనంత వరకు. గాలికి మించి డీజిల్ పోసేలా దాన్ని వదులు చేస్తే, నల్లపొగ బయటికి రాదు గనక నీకు తెలియదు, అంతా ఫిల్టర్‌లోనే చేరుతుంది. టర్బో బూస్ట్ పెంచాక ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్ జాయింట్లు తడిమి చూడు. ఆయిల్ తడి ఉంటే అక్కడ గాలి లీకవుతోందని అనుమానించు. సెన్సర్ లెక్కలోకి వచ్చిన గాలి సిలిండర్‌కి చేరకపోతే మసి పెరుగుతుంది, తప్పేమో మ్యాప్ మీద పడుతుంది. ఈజీఆర్ మూసేస్తే మసి తగ్గే మాట నిజమే, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెరుగుతాయి. ఇక డీపీఎఫ్ పీకేసి సాఫ్ట్‌వేర్‌లో ఆపేస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దానికి ఒప్పుకోదు.

పనికి ముందే ఓబీడీ స్కానర్ (ఈసీయూ అంకెలు చదివే పరికరం) పెట్టి నాలుగు అంకెలు రాసుకో: మసి ఎంత, చివరి రీజెన్ అయ్యి ఎన్ని కిలోమీటర్లు, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ప్రెషర్ తేడా ఎంత, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఎంత. రీజెన్‌కీ రీజెన్‌కీ మధ్య దూరం కనీసం రెండుసార్లు లెక్కపెట్టు. అదే దారిలో తిరుగుతున్నా ఆ దూరం రీమ్యాప్ తర్వాత సగానికి పడితే, హోస్ లీక్ కూడా లేదంటే, మ్యాప్‌నే అనుమానించు.

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ నత్తనడకే కదా, రీజెన్ మధ్యలో తెగడానికి అదే పెద్ద కారణం. ఐడిల్ 800 నుంచి 1000కి పెరిగి, ఏసీ లేకున్నా ఫ్యాన్ హోరుమంటే ఇంటి ముందుకొచ్చినా ఇంజిన్ ఆపకు. వీలైతే గచ్చిబౌలి దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, శంషాబాద్ వైపు 2000 - 2500 ఆర్‌పీఎమ్ మీద 20 నిమిషాలు పోనీ. బాగా నిండిన ఫిల్టర్ కాలుతుండగా ఒక్కసారిగా ఐడిల్‌కి తేకు. పొగ పారుదల తగ్గి ఆక్సిజన్ పెరుగుతుంది, వేడి అదుపు తప్పి లోపలి సిరామిక్ పగలొచ్చు.

డబ్బులిచ్చే ముందు మీ బండి ఒరిజినల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకో. ఇవ్వనంటే ఇంకో చోట చూసుకో.

నీ మామయ్య