టెలికాం కంపెనీలు క్లౌడ్‌కి మారడానికి ఇన్నేళ్లెందుకు? మా మామ మోటరు సాక్షిగా

ప్రశ్న: "షాపింగ్ యాప్‌లు, సినిమా యాప్‌లు ఎప్పుడో క్లౌడ్‌కి వెళ్లిపోయాయి. టెలికాం ఆపరేటర్లు పాత సిస్టమ్స్ వదిలి క్లౌడ్ నేటివ్‌కి మారడానికి ఏళ్లకేళ్లు ఎందుకు పడుతోంది? ఈ లైన్‌లోకి రావాలంటే కుబర్నెటిస్ నేర్చుకుంటే సరిపోతుందా?"

క్లౌడ్ నేటివ్ అంటే ప్రత్యేక యంత్రాల మీద కాకుండా మామూలు సర్వర్ల మీద చిన్న చిన్న ముక్కలుగా నడిచేలా రాసిన సాఫ్ట్‌వేర్, కుబర్నెటిస్ ఆ ముక్కలను నడిపించే సాధనం. పద్నాలుగేళ్లుగా ఈ మార్పిడే నా పని. ఇప్పుడు హన్మకొండలో ఇంటి నుంచే చేస్తున్నాను. కన్సల్టెంట్ల స్లైడ్‌లలో ఎడమ పక్క 'లెగసీ' అని బూడిద రంగు డబ్బా, కుడి పక్క మేఘం, మధ్యలో ఒక బాణం ఉంటాయి చూడండి, ఈ పద్నాలుగేళ్లూ నేను ఆ బాణంలోనే ఉన్నాను. పాత హెచ్‌ఎల్‌ఆర్‌లో (ఆపరేటర్ దగ్గరుండే సిమ్‌ల రిజిస్టరు) ఉన్న సిమ్‌ల వివరాలను, అంటే ఏ సిమ్ ఇప్పుడు ఏ స్విచ్ కింద ఉంది, దానికి ఏయే సర్వీసులు ఉన్నాయి అన్న లెక్కంతా కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించడం మా టీమ్ పని. కుబర్నెటిస్ కష్టం కాబట్టే ఆలస్యమవుతోందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది ఆర్నెల్లలో వస్తుంది. పాత డబ్బాలో ఏముందో కనిపెట్టడానికే ఏళ్లు పడుతుంది.

మా మేనమామది నర్సంపేట దగ్గర ఊరు. ఇంటి నుంచి పొలం రెండు కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక బోరు మోటరుకి మొబైల్ స్టార్టర్ పెట్టించుకున్నాడు. ఆ డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. మామ కాల్ చేస్తే, వచ్చిన నంబరు తన దగ్గర రాసుకున్నదేనా అని అది చూసుకుంటుంది. అదే అయితే మోటరు ఆన్ చేస్తుంది, కాకపోతే కాల్ కట్ చేస్తుంది. అట్లా చూసుకోకపోతే రాంగ్ నంబరు వచ్చినప్పుడల్లా పొలం మునుగుతుంది మరి. మామ అందులో వేయించింది తన మొట్టమొదటి ఫోన్ సిమ్, 2005 నాటిది. కొత్త నంబరు తీసుకున్నాక పాతది పారేయడానికి మనసొప్పలేదు.

మూడేళ్ల కిందట మార్చిలో ఒక రాత్రి మా కటోవర్, అంటే పాతదాని నుంచి కొత్తదానికి మార్చేసే పని. ఆపరేటర్ పేరు వద్దు. పన్నెండు నుంచి ఐదు దాకా విండో. నంబర్ సిరీస్‌ల వారీగా మారుస్తున్నాం, అది మూడో బ్యాచ్. పాత దాంట్లోంచి డేటా తీయడం, స్క్రిప్ట్‌తో మార్చడం, కొత్త దాంట్లోకి ఎక్కించడం, సిగ్నలింగ్ (కాల్ కలపడానికి నెట్‌వర్క్‌లో తిరిగే సందేశాలు) దారి మళ్లించడం, టెస్ట్ కాల్స్ చేయడం. కాన్ఫరెన్స్ కాల్‌లో నలభై మంది ఉంటే పని చేసేది ఐదుగురం, మిగిలినవాళ్లు పది నిమిషాలకోసారి 'ఎనీ అప్‌డేట్?' అనడానికి ఉన్నారు. నాలుగున్నరకి డాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది. 'గ్రేట్ జాబ్ టీమ్' అని మెయిల్ కూడా వచ్చేసింది. పడుకున్నాను.

ఆరింటికి మామ ఫోన్. "అల్లుడా, మోటరు లేస్తలేదు. ఫోన్ పోతాంది, ఒక్క రింగ్ అయితాంది, కట్ అయితాంది. పొలం పొట్ట మీదున్నది."

"వాలిడిటీ అయిపోయిందేమో చూసుకో మామా, లేకపోతే మెకానిక్‌ని పిలువు" అని పెట్టేశాను.

తొమ్మిదింటికి మళ్లీ చేశాడు. మెకానిక్ వచ్చి చూసిండట, డబ్బా మంచిగనే ఉన్నదట, ఊళ్లో ఇంకో ముగ్గురివి కూడా ఇదే తీరట. ముగ్గురివి అనేసరికి నా నిద్ర వదిలిపోయింది. మామ సిమ్ ఏ సిరీసో చూశాను. రాత్రి మేం మార్చిందే.

దాదాపు నలభై కిలోమీటర్లు బండి మీద పోయాను. వేపచెట్టు కింద స్టార్టర్, మూడు ఫేజుల లైట్లూ వెలుగుతున్నాయి. డబ్బా తెరిస్తే ఒక మూల బల్లి గుడ్లు, సిమ్ జారకుండా మెకానిక్ దోపిన సైకిల్ ట్యూబు ముక్క. పాత కాలపు పెద్ద సిమ్ కదా, నా ఫోన్‌లో పట్టదు. మామ ఇంట్లో మూలకు పడేసిన కీప్యాడ్ ఫోన్ తెప్పించి అందులో వేసి, నా ఫోన్ నుంచి కాల్ చేశాను. రింగ్ వచ్చింది. స్క్రీన్ మీద నంబరు మాత్రం లేదు.

ఒడ్డు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తీశాక అసలు సంగతి బయటపడింది. ఒకప్పుడు మన ఫోన్‌లో అవతలివాళ్ల నంబరు కనిపించడానికి కూడా నెలనెలా విడిగా చార్జీ కట్టించుకునేవారు. మా భాషలో దాన్ని క్లిప్ అంటాం. ఫోన్ అందుకునేవాళ్ల సిమ్ మీద ఆ సర్వీసు ఉంటేనే నంబరు కనిపిస్తుంది. తర్వాత అది అందరికీ ఉచితమైంది, కొత్త సిమ్‌లకి ప్రొఫైల్‌లోనే కలిపేశారు. పాత సిమ్‌లకి మాత్రం విడి సర్వీసుగానే మిగిలిపోయింది. బిల్లింగ్‌లో ఆ ప్లాన్ ఎప్పుడో చచ్చిపోయింది, హెచ్‌ఎల్‌ఆర్‌లో బతికే ఉంది. మా స్క్రిప్ట్ బిల్లింగ్ జాబితా చూసి, ఇలాంటి ప్లాన్ లేదనుకుని, దాన్ని వదిలేసింది.

డాష్‌బోర్డ్ ఎందుకు పట్టుకోలేదంటారా? కాల్ వెళ్లింది, రింగ్ అయింది, అవతలి డబ్బా కట్ చేసింది. లెక్కలో అది 'యూజర్ బిజీ', నెట్‌వర్క్ తప్పు కానే కాదు. టెస్ట్ కాల్స్‌కి వాడినవన్నీ కొత్త సిమ్‌లు. ఇలా క్లిప్ పోయిన నంబర్లు వేలల్లో తేలాయి. సాయంత్రానికి అన్నిటికీ కమాండ్ వేసి సరిచేశాం. మామ మోటరు మాత్రం ఆ రోజు చేత్తోనే ఆన్ చేశాం.

షాపింగ్ యాప్ అరగంట ఆగితే జనం టీ తాగి వస్తారు. ఇక్కడ అడిగేది 99.999 శాతం, అంటే ఏడాదికి ఐదు నిమిషాల పైచిలుకు మాత్రమే ఆగొచ్చు. 2022 జులైలో జపాన్‌లో కేడీడీఐ అనే టెలికాం కంపెనీ వాళ్లు రాత్రి మెయింటెనెన్స్‌లో ఒక రౌటర్ మార్చబోతే పావుగంట కాల్స్ దెబ్బతిన్నాయి. ఆ తర్వాత ఫోన్లన్నీ ఒక్కసారిగా రిజిస్టర్ కావడానికి ఎగబడటంతో సబ్‌స్క్రైబర్ డేటాబేస్ ఉక్కిరిబిక్కిరైంది. తేరుకోవడానికి 60 గంటలు దాటింది. అది క్లౌడ్ మార్పిడి కాదు, ఉత్త రౌటర్. అందుకే మేం రాత్రిపూట, బ్యాచ్‌లుగా, భయపడుతూ చేస్తాం.

అదే జపాన్‌లో రకుటెన్ అనే కంపెనీ 2020 ఏప్రిల్‌లో క్లౌడ్ మీదే నెట్‌వర్క్ మొదలుపెట్టింది కదా అని ప్రతి మీటింగ్‌లో ఒకరు లేస్తారు. ఖాళీ జాగాలో ఇల్లు కట్టడం, జనం కాపురముంటున్న ఇంటికి పునాది మార్చడం ఒకటే అయినట్టు! 5జీ కోర్‌ను, అంటే టవర్ల వెనక ఉండే నెట్‌వర్క్ మెదడుని, 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) వాళ్లు రిలీజ్ 15 నుంచి సర్వీసుల ముక్కలుగానే రాశారు, దాన్ని కంటైనర్లలో (కుబర్నెటిస్ నడిపే సాఫ్ట్‌వేర్ పొట్లాలు) పెట్టడం సహజం. స్టార్టర్ డబ్బాలో ఉన్నది 2జీ. దాన్ని ఏ స్లైడ్‌లోనూ చూపించరు.

మా బంధువులైతే ఇంకో రకం. క్లౌడ్ వచ్చాక మేడారం జాతరలో సిగ్నల్ మంచిగ ఉంటదా అని అడుగుతారు. ఉండదు. కోర్‌లో రద్దీ పెరిగితే పాడ్‌లు (కుబర్నెటిస్ నడిపే ఆ ముక్కలు) వాటంతటవే పెరుగుతాయి, నిజమే. జంపన్న వాగు దగ్గర టవర్ తనంతట తాను పెరగదు. దానికి బండి మీద తాత్కాలిక టవర్ తేవాలి, ఫైబర్ లాగాలి, జనరేటర్‌కి డీజిల్ పోయాలి.

నన్నడిగితే ట్రాఫిక్ కొత్త దాని మీదికి వెళ్లిన రోజున మార్పిడి అయిపోయినట్టు కాదు. పాత డబ్బా కరెంటు వైరు పీకిన రోజే అయినట్టు. నేను చేసిన ప్రాజెక్టుల్లో కేకు కోసినవి చాలా ఉన్నాయి, వైరు పీకినవి రెండే. మామ ఊరి సిమ్‌లు దిగిపోయిన ఆ హెచ్‌ఎల్‌ఆర్ కూడా ఏవో నాలుగు పాత కనెక్షన్ల కోసం నేటికీ ఏసీ గదిలో నడుస్తూనే ఉంది. పాతదానికీ కొత్తదానికీ రెండిటికీ కరెంటు బిల్లు, రెండిటికీ సపోర్ట్ కాంట్రాక్ట్.

కుబర్నెటిస్ సంగతికొస్తే, నేర్చుకోండి, అది లేకుండా ఇంటర్వ్యూ దాకా కూడా రానివ్వరు. దాంతోపాటు వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్ సందేశాలను విప్పి చూపే సాఫ్ట్‌వేర్) ఎస్ఎస్7, డయామీటర్ అనే సిగ్నలింగ్ భాషల ట్రేస్‌లు చదవడం అలవాటు చేసుకోండి. మా టీమ్‌లో ఇప్పుడు ప్రతి కటోవర్‌కి ముందురోజు, తర్వాతిరోజు 'యూజర్ బిజీ' లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తాం. టెస్ట్ సిమ్‌ల పెట్టెలో 2005 నాటి పెద్ద సిమ్ కూడా ఒకటి ఉంటుంది.