చలికాలం నడక: పిట్టలు ఎప్పుడు కనిపిస్తాయి?

ప్రశ్న: రోజూ ఉదయం ఆరింటికే హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కుకు వెళ్తున్నాం. కూతలు వినిపిస్తున్నాయి గానీ నెమళ్లు తప్ప పిట్టలేవీ కంటపడవు. కొత్త బైనాక్యులర్‌లో అంతా మసకే. నెమళ్లకేమో పింఛాలు లేవు, జబ్బు చేసిందా?
– ఒక పాఠకురాలు, యూసుఫ్‌గూడ

జవాబు: నెమళ్లకు జబ్బేమీ లేదండి. వానాకాలం చివర్లో మగనెమలి పింఛం ఈకలు రాల్చేస్తుంది. కొత్తవి నిండుగా పెరిగేసరికి చలికాలం గడిచిపోతుంది. అప్పటిదాకా మెడ చూసి పోల్చుకోండి: మగదానికి నిగనిగలాడే నీలం, ఆడదానికి ఆకుపచ్చ.

మీరు వెళ్లే వేళే తొందర. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ పొద్దు పొడిచేదే దాదాపు ఆరున్నర దాటాక. చలికి పురుగులు ఆకుల చాటునే ఉండిపోతాయి. ఎండ తగిలాక అవి కదులుతాయి, వాటిని తినే పిట్టలూ అక్కడికే చేరతాయి. కాబట్టి ఏడున్నర, తొమ్మిది మధ్య, తొలి ఎండ పడే చెట్ల దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. ఎదురుగా ఉంటే ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. ఒకటి కనిపించగానే ముందుకు నడిచేయకండి. ఈ కాలంలో రకరకాల పిట్టలు కలిసి మేస్తాయి, వెనకాలే మరికొన్ని రావచ్చు.

పిచ్చుక కన్నా చిన్నగా, మట్టిరంగులో ఉండి, మాటిమాటికీ తోక ఎగరేసే పిట్ట కనిపిస్తే తోక మొదట్లో చూడండి. అటూ ఇటూ తెల్లమచ్చలుంటే అది రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచరో, దాని దగ్గరి చుట్టం టైగా ఫ్లైక్యాచరో. మొదటిది యూరప్ నుంచి, రెండోది సైబీరియా వైపు నుంచి చలికాలం గడపడానికి వస్తాయి. అంత చిన్న ప్రాణి అంత దూరం నుంచి వచ్చిందంటే చూడకుండా ఎలా వదిలేస్తాం!

బైనాక్యులర్‌లో మసకకు చాలాసార్లు కారణం రెండు కళ్లకూ విడిగా సరిచేసుకోకపోవడమే. కుడికన్ను మూసి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు తేటగా కనిపించేదాకా మధ్య చక్రం తిప్పండి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి గొట్టం మీది రింగు తిప్పి అదే బోర్డు చూడండి. ఇకపై చక్రం ఒక్కటే తిప్పితే సరిపోతుంది. కళ్లద్దాలుంటే కంటి కప్పులు (కళ్లకు ఆనే అంచులు) లోపలికి దించేయండి. పిట్ట మీది చూపు తిప్పకుండా బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. ఇంకా కొనని వారికి 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు) మేలు. పది రెట్లదైతే చేతి వణుకు కూడా పెద్దదవుతుంది.

నెమళ్లకు బిస్కెట్లు మాత్రం వేయకండి. మనిషంటే భయం పోయిన నెమలి కుక్కలున్న రోడ్డు మీదికీ వచ్చేస్తుంది. ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టలను పిలవడమూ వద్దు. మేత వేళను అవి లేని పిట్ట కోసం వెతుకులాటలో పోగొట్టుకుంటాయి.

పిట్టలతో పాటు కృష్ణజింకలనూ చూడాలంటే వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లండి. ఎదిగిన మగదానికి నల్లని వీపు, మెలితిరిగిన కొమ్ములు, ఆడవి గోధుమరంగు.